గాయం ముందు, కుళ్ళు తరవాత: నారింజ పండ్లను కాపాడుకున్న చరిత్ర



మీ ఇంట్లో నిమ్మకాయల బుట్టను ఒకసారి గమనించండి. కొన్నాళ్ళు అలాగే వదిలేస్తే, అందులో ఏదో ఒక కాయ మెత్తబడి ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. ఒకటి రెండు రోజుల్లో దానిమీద తెల్లని నూగు పుడుతుంది, ఆ నూగు మీద ఆకుపచ్చని పొడి లేస్తుంది. మనం ఆ కాయను తీసి పారేసి, చేయి కడుక్కుని మరచిపోతాం. ఇంట్లో నష్టం ఒక్క కాయే. కాని లారీ నిండా బత్తాయిలు ఎక్కించి దూరపు మార్కెట్‌కు పంపిన రైతు సంగతి ఏమిటి? అతని ఏడాది కష్టంలో కొంత భాగం ఆ పొడిలో కలిసిపోతుంది.

కోసిన పండును ఈ కుళ్ళు నుంచి కాపాడుకోవడానికి మనిషి నూరేళ్ళకు పైగా ప్రయత్నిస్తున్నాడు. ఆ ప్రయత్నాల చరిత్రే ఈ వ్యాసం. ఇందులో శాస్త్రవేత్తలు, రైతు సంఘాలు, కూలీలు ఉన్నారు. ఒక దేశపు సుప్రీంకోర్టు కూడా ఉంది. వీళ్ళందరి మధ్య మొదటి నుంచి చివరి దాకా నడిచే ప్రశ్న ఒకటే: పండు కుళ్ళితే తప్పు ఎవరిది? నష్టం ఎవరు భరించాలి?

శత్రువు ఎవరు?

నిమ్మ, నారింజ, కమలా, బత్తాయి, దబ్బ ఇవన్నీ నిమ్మజాతి పండ్లు. బత్తాయినే రాయలసీమలో చీనీ అంటారు. కోత తరవాత ఈ పండ్లను పాడుచేసే శిలీంధ్రాలు అనేకం ఉన్నా, ప్రపంచమంతటా ఎక్కువ నష్టం తెచ్చేవి రెండు. ఒకటి ఆకుపచ్చ బూజు. దాని శాస్త్రీయ నామం పెనిసీలియం డిజిటేటమ్. రెండోది నీలి బూజు, పెనిసీలియం ఇటాలికమ్. ప్రాణాలు నిలిపే పెన్సిలిన్ మందును మనకు ఇచ్చిన శిలీంధ్రానికి ఇవి దగ్గరి బంధువులే.

మీరు చూసిన ఆ ఆకుపచ్చని పొడి నిజానికి శిలీంధ్రపు సిద్ధబీజాల రాశి. పూర్తిగా కుళ్ళిన ఒక్క పండు మీద ఇవి వంద కోట్లకు పైగా ఉండవచ్చు. చిన్న గాలి వీచినా లేచిపోతాయి. తోటలోని మట్టిలో, కోత బుట్టల్లో, పెట్టెల్లో, షెడ్డు గోడల మీద అన్నిచోట్లా ఇవి ఉంటాయి. కాబట్టి ఈ బీజాలు బొత్తిగా అంటని పండు దొరకడమే కష్టం.

మరి అన్ని పండ్లూ ఎందుకు కుళ్ళవు? ఎందుకంటే ఈ బూజుకు మంచి తొక్కను చీల్చుకుని లోపలికి పోయే శక్తి లేదు. నారింజ తొక్కను కళ్ళ దగ్గర నలిపితే మంట పుట్టించే తుంపర చిమ్ముతుంది కదా! తొక్క నిండా ఉండే సన్నని నూనె తిత్తులు పగలడం వల్ల అలా జరుగుతుంది. గోరు గీసుకున్నా, ముల్లు గుచ్చుకున్నా ఈ తిత్తులు పగులుతాయి. అక్కడ తడి, చక్కెరలు, పోషకాలు సిద్ధంగా ఉంటాయి. తిత్తి నుంచి వెలువడే వాసన పదార్థాలు కూడా బీజాన్ని మొలకెత్తేలా ప్రేరేపిస్తాయి. సుమారు 25 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు చాలు, శిలీంధ్రం లోపల పాతుకుపోతుంది. మూడు నాలుగు రోజుల్లో మెత్తని మచ్చ బయటపడుతుంది.

రెండు బూజులకూ ఒక తేడా ఉంది. ఆకుపచ్చ బూజు వెచ్చదనంలో వేగంగా పెరుగుతుంది. నీలి బూజుది నెమ్మది నడకే, కాని చల్లని గిడ్డంగిలో అదే ముందుంటుంది. పైగా ఒక పండు నుంచి దానికి ఆనుకుని ఉన్న పండుకు పాకుతుంది. ఇవి ఎలా ఉన్నా, ఒక్క విషయం గుర్తుంచుకోండి. వీటికి తలుపు తెరిచేది గాయమే. ఇప్పుడు ఇంత తేలికగా చెబుతున్న ఈ మాట అందరికీ ఒప్పుదల కావడానికి ఏళ్ళు పట్టింది.

రైలెక్కిన నారింజ

పండు పండిన ఊళ్ళోనే అమ్ముడుపోయిన రోజుల్లో కుళ్ళు పెద్ద సమస్య కాదు. దూరం పెరిగినప్పుడు సమస్య పెరిగింది. అది అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన చోటు అమెరికా పడమటి తీరాన ఉన్న కాలిఫోర్నియా.

1873లో అక్కడి రివర్‌సైడ్ అనే ఊళ్ళో ఎలైజా టిబెట్స్ అనే మహిళ రెండు నారింజ మొక్కలు నాటించింది. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతం నుంచి తెచ్చిన రకాన్ని అమెరికా వ్యవసాయ శాఖ అంటుకట్టి ఆమెకు పంపింది. గింజలు లేని ఆ తియ్యని పండుకు అడుగున బొడ్డు లాంటి గుర్తు ఉండటం వల్ల నేవల్ నారింజ అన్నారు. ఆ మొక్కల అంట్లతో వేల ఎకరాల తోటలు వెలిశాయి. 1877లో లాస్ ఏంజెలెస్ నుంచి మొదటి నారింజల వ్యాగన్ సెయింట్ లూయిస్ నగరానికి బయలుదేరింది. తరవాతి కాలంలో మంచుగడ్డలు నింపిన వ్యాగన్లు వచ్చాయి. పండేది పడమటి తీరంలో, కొనేవాళ్ళు ఎక్కువమంది ఉన్నది నాలుగు వేల కిలోమీటర్ల అవతల తూర్పు తీరంలో.

రైతులు 1893లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. 1905లో ఆ సంఘం కాలిఫోర్నియా ఫ్రూట్ గ్రోయర్స్ ఎక్స్ఛేంజ్ అయింది. 1908 నుంచి సన్‌కిస్ట్ పేరుతో పండ్లు అమ్మింది. కాని ఇంత ఏర్పాటు ఉన్నా తూర్పు నగరాల్లో పెట్టెలు తెరిచేసరికి పండ్లు కుళ్ళి ఉండేవి. ఒక వ్యాగన్‌లో కొద్దిగా, మరో వ్యాగన్‌లో విపరీతంగా.

అప్పుడు మొదలైంది తప్పు ఎవరిదన్న తగవు. రైళ్ళు ఆలస్యం చేస్తున్నాయని, దారిలో మంచు సరిగా నింపడం లేదని రైతులు అన్నారు. పండులోనే సత్తా లేదన్నది అవతలివాళ్ళ మాట. వానలని, ఎరువులని, నేల గుణమని ఎవరికి తోచింది వారు చెప్పారు. అందరి దగ్గరా అభిప్రాయాలు ఉన్నాయి. లెక్కలు మాత్రం లేవు.

పోవెల్ పరీక్ష

1904లో అమెరికా వ్యవసాయ శాఖ జి. హెరాల్డ్ పోవెల్ అనే పండ్ల శాస్త్రవేత్తను కాలిఫోర్నియాకు పంపింది. ఆయన ప్రయోగశాలలో కూర్చోలేదు. తోటలోకి వెళ్ళాడు, కోత చూశాడు, పండు వెంటే షెడ్డుకు నడిచాడు, పెట్టెలో పెట్టేదాకా గమనించాడు. పండ్లను ఒక్కొక్కటిగా తిప్పి తొక్కను పరీక్షించాడు.

ఆయనకు కనిపించింది ఇది. కాడను కత్తిరించేటప్పుడు కత్తెర మొన తొక్కలో దిగుతోంది. కాడ పొడుగ్గా మిగిలితే అది పక్క పండును పొడుస్తోంది. గోళ్ళు గీరుతున్నాయి. పెట్టె అడుగున ఉన్న గులకరాళ్ళు, పుల్లలు గుచ్చుకుంటున్నాయి. సంచిలోంచి పెట్టెలోకి పండ్లు ఎత్తు నుంచి పడుతున్నాయి. షెడ్డులో తోమే యంత్రాల దగ్గర, పండ్లు దొర్లే వాలు పలకల అంచుల దగ్గర మళ్ళీ దెబ్బలు. చాలా గాయాలు కంటికి ఆనవు. వాటిలో బూజు మాత్రం తప్పకుండా మొలుస్తుంది.

తరవాత ఆయన చేసిన పరీక్ష చాలా సరళమైనది. ఒకే తోటలోని పండ్లను రెండు భాగాలు చేశాడు. ఒక భాగాన్ని తొక్కకు ఏమాత్రం దెబ్బ తగలకుండా అతి జాగ్రత్తగా కోయించి సర్దించాడు. రెండో భాగం మామూలుగా అందరూ చేసే పద్ధతిలో వెళ్ళింది. గాయపడినవని తెలిసిన పండ్లను వేరే పెట్టెల్లో పెట్టించాడు. అన్నిటినీ తూర్పు తీరానికి పంపి, చేరిన తరవాత ఏ పెట్టెలో ఎన్ని కుళ్ళాయో లెక్క పెట్టించాడు. ఇలా ఒకసారి కాదు, అనేక సీజన్లపాటు చేశారు.

ఫలితంలో సందేహానికి చోటు లేదు. జాగ్రత్తగా కోసిన పండ్లలో కుళ్ళు చాలా స్వల్పం. మామూలు పద్ధతిలో వెళ్ళిన వాటిలో ఎక్కువ. గాయపడిన వాటిలో మరెన్నో రెట్లు. మంచు కుళ్ళును ఆలస్యం చేయగలదు, గాయాన్ని మాన్పలేదు. 1908లో ఆయన బృందం తన నివేదికను ప్రచురించింది. ఇన్నాళ్ళూ రైల్వే వైపు చూపించిన వేలు ఇప్పుడు తోట వైపు, ప్యాకింగ్ షెడ్డు వైపు తిరిగింది.

అయితే ఇక్కడ ఆగి ఒక మాట ఆలోచించండి. కత్తెర పట్టింది కూలీ కాబట్టి తప్పు కూలీదేనా? పెట్టెకు ఇంత అని లెక్కకట్టి కూలి ఇస్తే, మనిషి ఎంత వేగంగా కోస్తే అంత సంపాదిస్తాడు. నిదానంగా కోసినవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. అంటే గాయం కత్తెర మొనలో మాత్రమే లేదు, కూలి ఇచ్చే పద్ధతిలో కూడా ఉంది. ఈ సంగతి గ్రహించిన సంఘాలు కోత పనిని తామే చేపట్టాయి, సొంత ముఠాలను పెట్టుకున్నాయి. మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు ఇచ్చాయి. కోసిన పండ్లను తనిఖీ చేసే మనుషులను నియమించాయి. కోసేవారికి చేతి తొడుగులు వచ్చాయి. ఆ తొడుగులు చేతిని ముల్లు నుంచి కాపాడటానికి కన్నా, పండును గోరు నుంచి కాపాడటానికే. ఆ తోటల్లో కోసింది చాలావరకు చైనా, జపాన్, తరవాతి కాలంలో మెక్సికో దేశాల నుంచి వచ్చిన వలస కూలీలు. షెడ్లలో సర్దింది ఎక్కువగా స్త్రీలు. ఆ దేశపు నారింజ సంపద వారి చేతుల మెలకువ మీద నిలబడిందని మరవకూడదు.

పోవెల్‌ను రైతులు తమ మనిషిగా చేసుకున్నారు. 1912లో ఆయన ఆ సహకార సంఘానికి జనరల్ మేనేజర్ అయ్యాడు. 1922లో మరణించేవరకూ ఆ పదవిలో ఉన్నాడు.

కడిగే నీళ్ళలో దాగిన రోగం

అదే కాలంలో నిమ్మపండ్లకు మరో తెగులు వచ్చింది. తొక్క గోధుమ రంగుకు తిరిగి, ఘాటైన వాసనతో పండు పాడయ్యేది. 1906లో రాల్ఫ్ స్మిత్, ఎలిజబెత్ స్మిత్ అనే పరిశోధకులు దీని మూలం పట్టుకున్నారు. అది నేలలో ఉండే సూక్ష్మజీవి. వాన చినుకులు చిందినప్పుడు మట్టితోపాటు కింది కొమ్మల కాయలకు అంటుకుంటుంది. షెడ్డులో కాయలను కడిగే తొట్టిలో చేరి, మిగతా కాయలన్నిటికీ పాకుతుంది. అంటే శుభ్రం చేయడానికి పెట్టుకున్న నీళ్ళే రోగాన్ని పంచుతున్నాయి. ఆ నీటిలో కొద్దిగా మైలతుత్తం కలపమని సలహా ఇచ్చారు. ఇది గాయంతో పని లేని తెగులు. కాబట్టి పోవెల్ పాఠం గొప్పదే అయినా, అన్ని కుళ్ళులకూ అదొక్కటే జవాబు కాదు.

కోర్టుకెక్కిన నారింజ

ఎంత జాగ్రత్త పడినా కొన్ని గాయాలు తప్పవు. వాటిలో బీజం మొలవకుండా ఏదైనా పూయవచ్చా? 1920లలో దొరికిన జవాబు బోరాక్స్, అంటే మన వెలిగారం. వెచ్చని బోరాక్స్ నీటిలో పండ్లను ముంచితే బూజు బాగా తగ్గింది. సోడా ఉప్పుల ద్రావణాలూ పనిచేశాయి.

బ్రోగ్డెక్స్ అనే సంస్థ చేతిలో 1925లో మంజూరైన ఒక పేటెంటు ఉంది. అది పద్ధతి మీదే కాక, తొక్కలో బోరాక్స్ ఇంకిన పండు మీద కూడా హక్కు కోరింది. తగవు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1931లో కోర్టు తీర్పు చెప్పింది. బోరాక్స్ పూసినా నారింజ నారింజే, దాని రూపం, ఉపయోగం మారలేదు, కనుక అది మనిషి తయారుచేసిన వస్తువు కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. పండు మీద గుత్త హక్కు చెల్లలేదు.

ఈ తీర్పుకు మన ఉపఖండంతో సంబంధం ఉన్న కొనసాగింపు ఒకటి ఉంది. పశ్చిమ బెంగాల్‌లో పుట్టిన శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి ముడిచమురును విడగొట్టే బాక్టీరియాను రూపొందించాడు. 1980లో అదే సుప్రీంకోర్టు ఆ బాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని తీర్పు చెప్పింది. తయారైన వస్తువు అంటే ఏమిటో నిర్వచించడానికి అప్పుడు కోర్టు ఉదహరించింది ఈ నారింజ తీర్పునే. జీవం మీద హక్కుల చర్చలో ఒక బూజు పట్టిన పండుకూ స్థానం ఉందన్నమాట.

మందు మారింది, బూజూ మారింది

బోరాక్స్ తరవాత వరసగా మందులు వచ్చాయి. 1930, 40లలో బైఫినైల్ పట్టించిన పలుచని కాగితాల్లో పండ్లను చుట్టారు. ఆ కాగితం నుంచి వచ్చే ఆవిరి బూజు పొడి లేవకుండా ఆపేది. ఆర్థో ఫినైల్ ఫినాల్ లవణం వాడుకలోకి వచ్చింది. 1960లలో థయాబెండజోల్, బెనోమిల్ వచ్చాయి. చాలా తక్కువ మోతాదులోనే ఇవి అద్భుతంగా పనిచేశాయి. ఇక సమస్య తీరినట్టే అనిపించింది.

కాని 1970ల మొదట్లోనే కాలిఫోర్నియా షెడ్లలో థయాబెండజోల్‌కు లొంగని బూజు కనిపించింది. కారణం తేలికగా అర్థమవుతుంది. ఈ మందు శిలీంధ్ర కణంలోని ఒకే ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. కోట్ల బీజాల్లో ఏ ఒక్కదానిలోనైనా ఆ ప్రోటీన్ కొద్దిగా మారి ఉంటే మందు దాన్ని పట్టుకోలేదు. మిగతావన్నీ చస్తాయి, అది బతుకుతుంది, మైదానమంతా దానిదే అవుతుంది. ఏడాది పొడవునా అదే మందు వాడే షెడ్డు మొండి బూజును పెంచే నారుమడి లాంటిది. తరవాత వచ్చిన ఇమజాలిల్ వేరే దారిలో, శిలీంధ్ర కణపు పొరకు కావలసిన పదార్థాన్ని అడ్డుకుంటూ పనిచేసింది. 1980ల చివరికి దానికీ లొంగని రకాలు బయటపడ్డాయి. 2000 తరవాత ఫ్లుడియాక్సోనిల్, పైరిమెథానిల్ వంటి కొత్త మందులు చేరాయి. మందులను మార్చి మార్చి వాడటం, షెడ్డును శుభ్రంగా ఉంచడం, కుళ్ళిన పండ్లను వెంటనే దూరంగా తీసుకుపోవడం ఇప్పటి పద్ధతి.

మందుకు మరో వైపు కూడా ఉంది. పండు తినేది మనిషి. 1975లో జపాన్‌లో, తమ దేశంలో అనుమతి లేని మందులు అమెరికా నిమ్మజాతి పండ్ల మీద దొరికాయని పెద్ద వివాదం చెలరేగింది. అమెరికా ఒత్తిడి మధ్య జపాన్ 1977లో ఆర్థో ఫినైల్ ఫినాల్‌ను, 1978లో థయాబెండజోల్‌ను ఆహారంలో కలిపే పదార్థాలుగా గుర్తించి అనుమతించింది. ఆనాటి ఆందోళన అక్కడి వినియోగదారుల ఉద్యమాల చరిత్రలో నిలిచిపోయింది. బెనోమిల్‌ను మన దేశం 2018లో నిషేధించింది.

పండు తనను తాను కాపాడుకోగలదా?

కోసిన పండు చచ్చిన వస్తువు కాదు. అది ఇంకా శ్వాసిస్తూనే ఉంటుంది, గాయాన్ని మాన్పుకునే శక్తీ కొంత ఉంటుంది. 1948లో ఫ్లోరిడాలో హాప్కిన్స్, లౌక్స్ అనే పరిశోధకులు, పండ్లను వెచ్చని తేమ గాలిలో కొన్ని రోజులు ఉంచితే బూజు తగ్గుతుందని చూపారు. ఆ వెచ్చదనంలో గాయపు అంచున ఉన్న కణాలు గట్టిపడతాయి. కర్రకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ వంటి పదార్థాలు అక్కడ చేరతాయి. 1980లలో ఇజ్రాయెల్ పరిశోధకులు ఒక్కో పండును పలుచని ప్లాస్టిక్ పొరలో మూసి ఈ పద్ధతిని మెరుగుపరిచారు. ఎక్కువ పండ్లను అన్ని రోజులు వేడిగా ఉంచడానికి ఖర్చు ఎక్కువ కావడంతో ఇది విస్తృతంగా పాకలేదు.

మరికొందరు ప్రాణికి ప్రాణినే అడ్డు పెట్టారు. హాని చేయని ఈస్ట్ జాతులను పూస్తే, అవి గాయంలోని ఆహారాన్ని ముందే తినేసి బూజుకు చోటు లేకుండా చేస్తాయి. ఇలాంటి ఒక ఈస్ట్‌తో చేసిన ఆస్పైర్ అనే మందుకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాని లోపల పాతుకుపోయిన బూజును అది తొలగించలేదు, ఫలితాలూ అన్నిచోట్లా ఒకేలా రాలేదు. కొన్నేళ్ళకు అది మార్కెట్ నుంచి తప్పుకుంది. ఆ ఆలోచన మాత్రం నేటికీ పరిశోధనలో ఉంది.

మన తోటల దగ్గరికి

మన దేశంలో ఈ పండ్ల పరిశోధనకు 1985లో నాగపూర్‌లో జాతీయ కేంద్రం ఏర్పడింది. తెలుగు నేల మీద నల్గొండ బత్తాయికి, అనంతపురం, కడప చీనీకి, గూడూరు నిమ్మకు పేరు. ఇక్కడి వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు ఆకుపచ్చ బూజుకు ఇష్టమైన వేడి ఉంటుంది. దానికి తోడు మన వంటి వెచ్చని ప్రాంతాల్లో తొడిమ కుళ్ళు కూడా ఎక్కువ. ఆ శిలీంధ్రం తోటలోని ఎండు పుల్లల మీద పెరిగి, తొడిమ కింద దాక్కుని, కోత తరవాత లోపలికి దిగుతుంది. కనుక ఎండు కొమ్మలు తీసేయడం కూడా కోత తరవాతి రక్షణలో భాగమే.

కాయను లాగి తెంపితే తొడిమ దగ్గర తొక్క చిరుగుతుంది. కర్రతో రాల్చితే నేల తగిలి దెబ్బ తింటుంది. కుప్పలు పోసి, లారీలో వదులుగా నింపి వందల కిలోమీటర్లు పంపితే అడుగున ఉన్న కాయలు నలుగుతాయి. మార్కెట్‌లో ఆ నష్టానికి తరుగు అని పేరు పెట్టి రైతు ఖాతాలోంచే తీస్తే, మధ్యలో ఎవరి చేతిలో గాయమైందో ఎవరూ వెతకరు. పోవెల్‌కు ముందు కాలిఫోర్నియాలోనూ అంతే. అభిప్రాయాలు ఉన్నచోట బలవంతుడి మాట చెల్లుతుంది. లెక్క ఉన్నచోట గాయం ఎక్కడ అయిందో తెలుస్తుంది, దాన్ని ఆపే పని అక్కడే మొదలవుతుంది.

నూరేళ్ళ ఈ చరిత్రలో మందులు వచ్చాయి, కొన్ని పోయాయి. ప్రతి మందూ కొంత కాలాన్ని సంపాదించి పెట్టింది. అన్ని కాలాల్లోనూ నిలిచింది మాత్రం పండు తొక్కను కాపాడే జాగ్రత్త. ఆ జాగ్రత్తకు సమయం కావాలి, మంచి పనిముట్టు కావాలి, ఆ పని చేసే చేతికి తగిన కూలి కావాలి.

చేసి చూడండి

ఒకే బుట్టలోంచి ఆరు మంచి నిమ్మకాయలు తీసుకోండి. మూడింటి తొక్కను శుభ్రమైన సూదితో రెండు మూడు చోట్ల గుచ్చండి, మూడింటిని అలాగే ఉంచండి. ఒక్కోదాన్ని విడివిడిగా పారదర్శకమైన సంచిలో పెట్టి మూసేసి, పదిరోజులపాటు రోజూ బయటి నుంచే చూసి తేదీతో రాసుకోండి. బూజు పొడి ముక్కులోకి పోతే మంచిది కాదు కాబట్టి సంచులు తెరవకండి, చివరికి మూతితోనే పారేయండి. తరగతిలో అందరి లెక్కలూ కలిపి చూడండి. ఆరు కాయలతో తేలనిది అరవై మంది విద్యార్థుల కాయలతో తేలవచ్చు. పోవెల్ వ్యాగన్ల కొద్దీ పండ్లను ఎందుకు లెక్కపెట్టించాడో అప్పుడు మీకు తెలుస్తుంది.